నేను ఆపిన ఏడుపు

మా పెద్దవ్వ లింగవ్వ గురించి కరీంనగర్‌లో ఒక స్టేజీ ఎక్కి నాలుగు నిమిషాలు మాట్లాడాను. అందులో ఆమె పేరూ ఊరూ తప్ప మిగతాదంతా అబద్ధం. చప్పట్లు మాత్రం నిజమే. ఇప్పటికీ ఫోన్లో ఉన్నాయి, ఎవరైనా వినొచ్చు. నేను వినను. ఆ మాటలు వెనక్కి తీసుకుందామని ఇది రాస్తున్నాను. తీసుకోవడం కుదరదని తెలుసు. అయినా ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మాది లక్సెట్టిపేటకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, గోదావరి వైపు ఊరు. లింగవ్వ మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. పన్నెండేళ్ళప్పటి నుంచి బీడీలు చుడుతోంది, ఇప్పుడు అరవై మూడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వాడ చివరిదాకా వినపడుతుంది. ఆమె చీరలకు, దుప్పట్లకు, ఆఖరికి ఆమె కలిపిన పప్పన్నానికి కూడా తంబాకు వాసన వచ్చేది. మా అవ్వ నా తొమ్మిదో ఏట పోయింది. అప్పటి నుంచి నేను ఆ పప్పన్నం తిని పెరిగినదాన్నే. పెద్దవ్వకు పిల్లలు లేరు. ఎవరైనా జాలిగా అడిగితే, "లేకేం, గీ నవత లేదా? ఒక్కతే పదిమంది తీరు సతాయిస్తది" అనేది.

ఆమె మొగుడు, మా పెద్దబాపు బుచ్చిరాములు, కడెం కాలువ మీద లష్కర్. అంటే తూములు ఎత్తి, దించి పొలాలకు నీళ్ళు వంతులవారీగా వదిలే పని. నీళ్ళ కోసం రైతులు గొడ్డళ్ళు పట్టుకుని కొట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి బీడీ వెలిగించుకునేంత నిమ్మళం గల మనిషి. మాట తక్కువ. ఇంట్లో మాటలన్నీ పెద్దవ్వవే, ఆయనవి ఊకొట్టడాలు.

పెద్దవ్వను చుట్టుపక్కల ఐదారు ఊళ్ళలో అందరూ ఎరుగుదురు, బీడీల వల్ల కాదు. మా వైపు చావింట్లో ఏడవడానికి ఒక పద్ధతి ఉంది. పోయినవాడి భార్య తనంతట తాను ఏడుపు ఎత్తుకోదు. ఎత్తుకోలేదు కూడా, బిగుసుకుపోయి కూర్చుంటుంది. చెల్లెలో, వదినో, బిడ్డో బయటి నుంచి వచ్చి, ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, పోయినవాణ్ణి వరస పెట్టి పిలుస్తూ రాగం తీయాలి. అప్పుడామె అందుకుంటుంది. అందుకున్నాక ఇక ఎవరూ ఆపరు. దాన్ని శోకం పెట్టడం అంటాం. పెద్దవ్వ శోకం పెడితే గడప అవతల నిలబడ్డ మొగవాళ్ళు కూడా తుండుతో మొహం కప్పుకునేవాళ్ళు.

ఆమె ఉత్త పొగడ్తలు పాడేది కాదు. మనిషి ఎట్లా బతికాడో అట్లాగే రాగంలో పెట్టేది. మొండయ్య తాత పోయినప్పుడు ఆయన చేసిన మంచిపనులన్నీ ఏకరువు పెట్టి, చివరికి ఇంటికి చుట్టాలొస్తే టీలో చక్కెర దాచిపెట్టిన సంగతి కూడా ఏడుపులోనే కలిపేసింది. ఏడుస్తున్న కోడళ్ళు పక్కున నవ్వి, ఆ నవ్వులోంచే మళ్ళీ భోరుమన్నారు. ఆ తర్వాత వాళ్ళు లేచి మొహాలు కడుక్కుని, పొయ్యి సంగతి చూసుకున్నారు. ఆమె చేసే పని అదీ. పిలిచినా, పిలవకపోయినా పోయేది. వచ్చేటప్పుడు ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఇక నా సంగతి. నేను ఊళ్ళో మహిళా సంఘాలకు వీఓఏని. పది సంఘాల ఆడవాళ్ళను కూర్చోబెట్టి మీటింగులు నడపడం, పైనుంచి వచ్చిన మాట వాళ్ళకు, వాళ్ళ మాట పైకి చేర్చడం నా పని. నా భర్త సాగర్ మస్కట్‌లో ఉంటాడు. అప్పటికి అతను వచ్చి వెళ్ళి మూడేళ్ళు. వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, "తిన్నవా, బిడ్డ సదువుతుందా" అని అడిగి పెట్టేసేవాడు. బిడ్డ మంచిర్యాలలో హాస్టల్లో ఉండేది. పగలంతా నలుగురి మధ్య గట్టిగా మాట్లాడే మనిషిని, ఇంటికి వచ్చి తాళం తీసేటప్పుడు మాత్రం ఎందుకో చేతులు ఆడేవి కావు.

అట్లాంటి రోజుల్లో తరంగిణి నా ఫోన్లోకి వచ్చింది. నాలుగైదు సినిమాల్లో హీరోయిన్‌గా వేసి, పెళ్ళి చేసుకుని, విడిపోయి, రెండేళ్ళు కనపడకుండా పోయి, మళ్ళీ తెల్లచీరలో సంతోషం గురించి మాట్లాడుతూ తేలిన మనిషి. "నలభై ఒక్క రోజుల నవ్వు" అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పొద్దున లేచి అద్దంలో చూసుకుని నవ్వాలి. మూడు విషయాలకు థాంక్స్ రాసుకోవాలి. చాడీలూ, సణుగుళ్ళూ వినకూడదు. ఇంతే. చిన్నప్పుడు పోస్టర్ మీద చూసిన మొహం నేరుగా నా కళ్ళలోకి చూసి, "మీరు ముఖ్యం" అంటుంటే ఆ ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను. ఆ మాట నాతో అంతకుముందు ఎవరూ అనలేదు. అనాల్సినవాళ్ళ పేర్లు రాస్తే ఇక్కడ చాలామందికి కోపం వస్తుంది కాబట్టి వదిలేస్తున్నాను.

ఆమె చెప్పినది చెప్పినట్టు చేసుంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ మా వైపు నలభై ఒక్క రోజులంటే ఒకటే అర్థం, దీక్ష. కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్ళు ఇంటికొకరుంటారు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, తప్పు జరిగితే మాల తీసెయ్యడం మాకు పుట్టుకతో తెలిసిన లెక్క. నేను ఈ నవ్వును పట్టుకెళ్ళి ఆ లెక్కలో పెట్టాను. తెల్లారకముందే తలస్నానం అన్నాను. చేతికి పసుపు దారం అన్నాను. కన్నీటి చుక్క పడితే దీక్ష తప్పినట్టే, మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు అన్నాను. ఇవేవీ తరంగిణి చెప్పలేదు. నేను చెప్పాను. ఈ ఒక్క ముక్క నేను చాలాకాలం నా దగ్గర కూడా ఒప్పుకోలేదు.

బళ్ళో నాకన్నా కింది తరగతిలో చదివిన, మా సంఘంలోని ముబీనా అప్పుడే అడిగింది. "అక్కా, గామె వీడియోల గిట్ల చెప్పలేగా. ఏడిస్తే ఏమైతది?"

"నీకు మాల సంగతి తెల్వదు, నువ్వు జర ఊకో," అన్నాను.

ఆమె దారం కట్టుకోలేదు. సంఘాల్లో ఇరవై ఒక్క మంది కట్టుకున్నారు. ఇరవై రెండోది పెద్దవ్వ. ఆమె ఒప్పుకోవాలని నేను పట్టుబట్టాను, ఎందుకంటే ఊళ్ళను ఏడిపించే లింగవ్వే నవ్వుల దీక్ష తీసుకుందంటే హైదరాబాద్ దాకా వినపడుతుందని నాకు తెలుసు. ఆమె బీడీలకు దారం చుడుతూ నా వైపు చూడకుండానే అంది, "నవ్వుడు గూడ ఒకలు నేర్పాల్నానే?"

"గట్ల కాదు పెద్దవ్వ. మంచిగుంటది. మనసు నిమ్మలమైతది."

"ఈ నలభై దినాలల్ల ఎవలన్న సస్తే?"

"ఎవలు సావరు తియ్," అని నవ్వాను.

ఆమె చెయ్యి చాపింది. "కట్టు. నువ్వు అడుగుతున్నవని కట్టుకుంటున్న. నాకు గా సినిమామె ఎవలో తెల్వది."

దారం కట్టిన చేతితో చాట ముందు కూర్చున్న పెద్దవ్వ ఫోటో తీసి తరంగిణి ఛానెల్‌కు పంపాను. రెండో రోజే వాళ్ళు పెట్టారు. "కన్నీళ్ళ అమ్మ ఇప్పుడు నవ్వుల అమ్మ" అని రాశారు. హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. దీక్ష అయిన మర్నాడు కరీంనగర్‌లో తరంగిణి సభ ఉంది, ఒక్కరు కూడా తప్పకుండా మీ గుంపు పూర్తి చేస్తే మిమ్మల్ని స్టేజీ మీదికి పిలుస్తాం అంది. ఆ సాయంత్రం సాగర్ తనంతట తానే ఫోన్ చేశాడు. రూములో ఉన్నవాళ్ళందరూ చూశారట. ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఏం కూర వండుకున్నావో కూడా అడిగాడు. ఆ ఇరవై ఐదు నిమిషాల కోసం ఆ తర్వాత నేను ఏం చేయడానికైనా సిద్ధపడ్డాను. చేశాను కూడా.

ముప్పై మూడో రోజు పొద్దున నేను సంఘం భవనంలో ఉన్నాను. ఆ రోజు ఎవరూ ఏడవలేదని అందరి చేత ఫోన్లో చెప్పించి, ఛానెల్‌కు పంపిస్తున్నాను. ముబీనా పరుగెత్తుకుంటూ వచ్చింది. పెద్దబాపు నల్లా దగ్గర మొహం కడుక్కుంటూ కూలబడ్డాడని, మనిషి పోయాడని చెప్పింది. నేను ఆ వార్త విన్న క్షణంలో నాకు పెద్దబాపు మొహం గుర్తుకు రాలేదు. ముప్పై మూడు అనే అంకె గుర్తుకు వచ్చింది. ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. పెద్దవ్వ తలవైపు గోడకు ఆనుకుని కూర్చుంది. సంఘం ఆడవాళ్ళందరూ అప్పటికే వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒక్కరు కూడా ముందుకు జరగడం లేదు. అందరూ నా కోసం చూస్తున్నారు. ఆ ఇంటికి బిడ్డనంటే నేనే కాబట్టి మొదట మెడ పట్టుకోవాల్సింది నేను. నన్ను చూడగానే పెద్దవ్వ రెండు చేతులూ చాపింది. ఊరందరి మెడలకూ చేతులు వేసిన మనిషి మొదటిసారి తన మెడ కోసం ఒకరి చేతులు అడిగింది.

నేను ఆమె పక్కన కూర్చుని మెడ పట్టుకోలేదు. దారం ఉన్న మణికట్టు పట్టుకున్నాను. చెవి దగ్గరికి వంగి, "పెద్దవ్వ, ఇంక ఎనిమిది రోజులే ఉన్నయి. ఇప్పుడు ఏడిస్తే అందరి దీక్ష పోతది. నీ కాల్మొక్త, నేను చెప్పెదాక ఏడ్వకు," అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపంగా చూసుంటే బాగుండేది. చిన్నప్పుడు జాతరలో నేను గాజుల కోసం మారాం చేస్తే, చేతిలో లేకపోయినా ఎట్లా కొనిపెట్టాలా అని చూసేది చూడు, అట్లా చూసింది. "సరే తియ్," అంది. చాపిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ తర్వాత మూడు గంటలు ఆ వాకిట్లో ఎవరూ ఏడవలేదు. ఇరవై ఒక్క మంది ఆడవాళ్ళు పెదవులు బిగపట్టి కూర్చున్నారు. మధ్యమధ్య నేనే మెల్లగా, "పెద్దబాపు మంచిగ బతికిండు, మంచిగ పోయిండు, థాంక్స్ చెప్పుకుందాం" లాంటి మాటలు అన్నాను. బయట డప్పులవాళ్ళు లోపలి ఏడుపు అందితేగానీ దరువు అందుకోలేరు. వాళ్ళు రెండుసార్లు కొట్టి, ఆపి, లోపలికి తొంగి చూశారు. ముబీనా ఒక్కతే గోడ మూల దుపట్టా నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మా ఇండ్లల్ల గూడ గట్టిగ ఏడ్వద్దంటరు అక్కా," అంది తర్వాత, "గని కండ్లల్ల నీళ్ళు వద్దని ఎవలు అనరు." పెద్దబాపును లేపుకుని వెళ్ళేటప్పుడు వెదురు పాడె కిర్రుమనడం వినపడింది. శోకం లేకుండా మా వాడలో లేచిన మొదటి పాడె అదే అనుకుంటాను.

మూడో రోజు పిట్టకు పెట్టారు, కాకులకు పిండం వేశారు. పెద్దవ్వ ఏడవలేదు. చుట్టాలు వచ్చారు, పోయారు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ నేను గడపలోనే ఆపి, మెడ పట్టుకోవద్దని చెప్పి లోపలికి పంపాను. కొందరు అలిగి నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు. మాలలో ఉండగా అంటు వస్తే మాల తీసేస్తారు కదా అని ఒకామె అడిగింది. మనకు మాల లేదు, కన్నీరు పడకపోతే చాలు, అంటు లేదు అన్నాను. నియమం పెట్టినదాన్ని నేనే కదా, సడలింపు కూడా నా చేతిలోదే. నలభై ఒకటో రోజు పొద్దున అందరి గొంతులూ రికార్డు చేసి పంపాను. పెద్దవ్వ కూడా, "నేను ఏడ్వలే," అని రెండు ముక్కలు చెప్పింది.

మర్నాడు, అంటే పెద్దబాపు పోయిన పదో రోజున, రేపు దినాలు పెట్టుకుని నేను పట్టుచీర కట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను.

పెద్ద ఫంక్షన్ హాలు. రెండు వేల మంది ఆడవాళ్ళు. నా పేరు పిలిచారు. మైకు పట్టుకోవడం పదేళ్ళ మీటింగుల అలవాటు. మా పెద్దవ్వ గురించి చెప్పాను. చావిళ్ళలో ఏడవడమే బతుకుగా ఉన్న మనిషి ఈ దీక్షతో ఎట్లా మారిందో చెప్పాను. "మొన్న ఆమె భర్త పోయారు. శవం ముందు కూర్చుని ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. నవ్వుతూ సాగనంపింది," అన్నాను. నవ్వలేదు. నవ్వుతూ అనేది అక్కడికక్కడ నాకు దొరికిన మాట. హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

తరంగిణి వచ్చి నన్ను కౌగిలించుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు. కెమెరాలు దగ్గరికి వచ్చాయి. మా పెద్దబాపు కోసం పదిమంది ముందు కన్నీరు పెట్టిన ఆడమనిషి, ముబీనాను తీసేస్తే, ఆ సినిమా యాక్టర్ ఒక్కతే. ఆమె మైకు పక్కకు పట్టుకుని నా చెవిలో అడిగింది.

"తర్వాతైనా ఆవిడ ఎవరి దగ్గరైనా ఏడ్చారా?"

"లేదు మేడం, అస్సలు ఏడ్వలే," అన్నాను గర్వంగా.

ఆమె నా మొహంలోకి చూసి ఏదో అనబోయింది. ఇంతలో యాంకర్ ఆమెను పిలిచింది. ఆమె ఏమనబోయిందో నాకు తెలుసు. అప్పుడే తెలుసు. తెలియనట్టు ఫోటోకు నవ్వాను. ఈ కథలో సినిమామెను తిట్టడానికి చాలామంది ఎదురుచూస్తారు, మా ముబీనాతో సహా. నాకు ఆ అవకాశం లేదు. ఆ రోజు అక్కడ సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

దినాల రోజు నేను వచ్చేసరికే వీడియో ఊరంతా తిరిగింది. భోజనాల దగ్గర చుట్టాల పిల్లలు నాతో ఫోటోలు దిగారు. మస్కట్‌లో సాగర్ స్టేటస్ పెట్టుకున్నాడు. నేను బంతిలో నీళ్ళు పోస్తూ అటూ ఇటూ తిరిగాను. పెద్దవ్వ ఎదురుగానే ఉంది, తెల్లచీరలో. రెండుసార్లు నా వైపు చూసింది. ఏదో అడగాలన్నట్టు చూసింది. పనిలో ఉన్నాను కదా అనుకున్నాను. ఆ తర్వాత వరుసగా ఫోన్లు, జగిత్యాలలో ఒక మీటింగు, నిర్మల్‌లో ఒకటి. ఆమెకు ఒక మాట చెప్పాల్సి ఉందని మర్చిపోయాను. మర్చిపోయాను అనడం కంటే మంచి మాట కోసం వెతికాను, దొరకలేదు.

హాల్లో చప్పట్లు కొట్టించిన మాట ఊళ్ళో వేరుగా పని చేసింది. కట్టుకున్నవాడు పోతే నవ్వుతూ సాగనంపిందట. పొలాల దగ్గర, నల్లా దగ్గర, కిరాణం దగ్గర అదే మాట. అక్కడ కూర్చుని కళ్ళారా చూసిన ఆడవాళ్ళు కూడా వీడియోలో చూశాక ఆమె నవ్విందనే అనుకోవడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో ఆడదాన్ని చాలా మాటలు అంటారు. కానీ మొగుడి శవం ముందు నవ్విందన్న మాట ఎవర్నీ అన్నట్టు నేను వినలేదు. నా నోటి నుంచి మొదటిసారి వచ్చింది.

మూడు నెలలు గడిచాయి. మా వాడలోనే రామచంద్రం తల్లి పోయింది. ఆ ముసలామె, మా పెద్దవ్వ ఇద్దరూ నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టారు. ఆ వార్త నాకు ముబీనా చెప్పింది, సంఘం మీటింగు అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక.

"శోకం వెట్టనీకి ధర్మపురి దిక్కుకెల్లి ఎవరినో తోలుకొచ్చిన్రు అక్కా. లింగవ్వ పెద్దమ్మను పిలువలే."

"పిలువకున్నా పోతది గదా?"

"పోయింది. గడప దాక పోయింది. రామచంద్రం పెండ్లాం అడ్డమొచ్చింది. మొగని కోసం ఏడ్వనామె మా అత్తకు ఏం ఏడుస్తదన్నది. పెద్దమ్మ ఒక్క మాట అనకుండ మర్లి వచ్చింది. నేను నా కండ్లతోని చూసిన." ముబీనా సంచి భుజాన వేసుకుంది. "నేను నిన్ను అక్కా అంటగని, నిజం చెప్తున్న, ఆ దినం సంది నీ మొఖం చూడబుద్ధి అయితలేదు నాకు."

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఇంత విన్నాక లేచి నేరుగా పెద్దవ్వ దగ్గరికి పరుగెత్తి ఉంటే నా గురించి రాసుకోవడానికి ఒక్క మంచి ముక్క ఉండేది. ఐదు రోజులు పోలేదు. సిగ్గు మనిషిని మంచిదారిలో పెడుతుందంటారు గానీ, నన్ను మాత్రం ఇంట్లో పెట్టింది. వాళ్ళ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తుందని చుట్టూ తిరిగి స్కూలు వెనక దారిలో పోయేదాన్ని.

ఆరో రోజు మధ్యాహ్నం వెళ్ళాను. పెద్దవ్వ అరుగు మీద కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. చిక్కిపోయింది. భుజాల మీద రవికె వదులైంది. నేను వచ్చి పక్కన కూర్చుంటే, రాకరాక వచ్చిన మనిషని చూసి జరిగి చోటిచ్చింది. అన్నం తిన్నావా అని అడిగింది. సాగర్ ఫోన్ చేస్తున్నాడా అని అడిగింది. చేస్తున్నాడన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు, మళ్ళీ వారానికి రెండుసార్లకు వచ్చింది.

"పెద్దవ్వ, నేను తప్పు చేసిన," అన్నాను.

ఆమె నా మాట పట్టించుకున్నట్టు లేదు. కత్తెర పక్కన పెట్టింది.

"నవతా, నీ దీక్ష ఒడిసిందా?"

"ఎప్పుడో ఒడిసింది పెద్దవ్వ. మూడు నెల్లయింది."

"మరి నాకు చెప్పకపోతివి."

గొంతులో నిష్ఠూరం లేదు. బియ్యం అయిపోయాయని చెప్పలేదేం అన్నట్టుగా అంది. "నువ్వు చెప్పెదాక ఊకుంట అంటి గదా. దినాలనాడు చెప్తవేమో అని చూసిన. నీ చుట్టు గంత మంది ఉన్నరు. ఇంకేమన్న మీటింగులున్నయేమో, ఇప్పుడు నేను ఏడిస్తే పిల్ల పేరు పోతదేమో అని మింగుకుంట వచ్చిన. మొన్న రామచంద్రం వాళ్ళ అవ్వ పోయిన్నాడు కూడ, గడపల నిలవడితే గొంతు దాక వచ్చింది. మంచిదే అయింది, లోపటికి రానియ్యలే. పోతే ఆగకపోదును."

నాకు ఆ క్షణంలో ఆమె నన్ను తిడితే బాగుండుననిపించింది. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె నా మొహంలోకి వంగి, బళ్ళో పిల్ల బయటికి పోవడానికి అడిగినట్టు అడిగింది.

"మరి ఇప్పుడు ఏడ్వచ్చునా బిడ్డా?"

"ఏడ్వు పెద్దవ్వ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

ఆమె చాట పక్కకు జరిపింది. ఒళ్ళో తంబాకు దులుపుకుంది. కొంగు సర్దుకుని, ఆ రోజు చాపినట్టే రెండు చేతులూ నా వైపు చాపింది. ఈసారి నేను మెడ పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి. ఇక నేను మొదలుపెట్టాలి. పెద్దబాపును పిలవాలి. కాలువ గట్టు మీద నన్ను భుజాన ఎక్కించుకుని నడిచినవాడని, తూము తాళాలు నా చేతికిచ్చి ఆడుకోమన్నవాడని, నా పెళ్ళిలో మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా భోంచేసి పోయినవాడని, ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాను. పదేళ్ళుగా వందలమంది ముందు గడగడ మాట్లాడిన నోరు. దాంట్లోకి వచ్చిందల్లా కరీంనగర్‌లో మైకు ముందు అన్న మాటలే. శవం ముందు కూర్చుని, ఒక్క చుక్క, నవ్వుతూ. అవి తప్ప మా పెద్దబాపు గురించి నా దగ్గర ఇంకో వాక్యం లేదు. నోరు మూసుకున్నాను.

పెద్దవ్వ ఎదురుచూసింది. ఎంతసేపో తెలియదు. రోడ్డు మీద ట్రాక్టర్ పోయింది, ఎదురింటామె బట్టలు ఆరేసి లోపలికి వెళ్ళింది. నా వీపు మీద ఆమె చెయ్యి రెండుసార్లు తట్టింది, కానియ్ అన్నట్టు. నాకు రాలేదు.

అప్పుడామె గడ్డం నా భుజం మీద ఆనించి ఊపిరి తీసుకుంది. నలభై ఐదేళ్ళ కాపురంలో భర్తను పేరు పెట్టి గానీ, వరస పెట్టి గానీ ఒక్కసారి పిలవని మనిషి, పాత గొంతుతో, వాడ చివరిదాకా వినపడేలా రాగం ఎత్తుకుంది.

"ఓ పెద్దబాపూ... నీ బిడ్డ నవత వచ్చింది, జర లేచి సూడు పెద్దబాపూ..."

నేను ఏడవాల్సింది ఆమె ఏడ్చింది. నా వరసతో పిలిచి, నేను మర్చిపోయినవన్నీ ఒక్కొక్కటి చెప్పి, నా వంతు పూర్తిగా ముగించాకే తన వంతు మొదలుపెట్టింది.